హిమాలయపు పచ్చిక బయళ్ళకు వెళ్ళేముందు

ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ ప్రజల వాడుకలో 'బుగ్యాల్' అనే మాట ఒకటి ఉంది. కొండమీద అడవి ఆగిపోయిన చోటినుంచి, రాళ్ళూ మంచూ మొదలయ్యే చోటివరకు పరచుకొన్న పచ్చిక బయలుకు అది పేరు. కాశ్మీరంలో దానినే 'మర్గ్' అంటారు. గుల్మర్గ్, సోన్‌మర్గ్ అన్న పేర్లలో మనకు వినిపించేది ఆ మాటే. సముద్రమట్టానికి సుమారు 3,300 మీటర్ల ఎత్తు దాటిన తరువాత చెట్లు పెరగడం కష్టమవుతుంది. ఏడాదిలో ఆరు నెలలు మంచు కప్పే ఆ నేలమీద గడ్డి, చిన్న చిన్న పూలమొక్కలు మాత్రమే బ్రతకగలవు. మంచు కరిగిన తరువాత మే నుంచి సెప్టెంబరు వరకు అక్కడి నేల పట్టు తివాచీ పరచినట్లుంటుంది.

మా నంబులపూలకుంట వంటి ఊరిలో పుట్టి పెరిగినవారికి ఇటువంటి చోటు ఊహకు అందడం కూడా కష్టమే. మాది వాన చాలని నేల. సముద్రమట్టానికి ఐదారువందల మీటర్ల ఎత్తులో ఉన్న మెట్ట. శెనక్కాయ పంట, గొర్రెల మందలు, ఇటీవలి కాలంలో కనుచూపు మేర పరచిన సౌరవిద్యుత్తు పలకలు - ఇవే మా కళ్ళకు అలవాటైన దృశ్యాలు. పచ్చదనమంటే మా మండలంలోని తిమ్మమ్మ మర్రిమానే మాకు పెద్ద గుర్తు. అయితే ఇప్పుడు కదిరి, ధర్మవరం, హిందూపురం ప్రాంతాల యువకులు, ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులు కూడా బెంగుళూరుకు వెళ్ళి విమానమెక్కి, ఒకే రోజులో హిమాలయాల పాదం చేరుతున్నారు. మరో రెండు రోజులలో 3,000 మీటర్ల పైన గుడారంలో నిద్రిస్తున్నారు. ప్రయాణం సులభమయింది. కాని మన శరీరం మాత్రం మన తాతల కాలంలో ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. ఎత్తుకు అలవాటు పడడానికి దానికి అప్పుడెంత కాలం కావలసి వచ్చేదో ఇప్పుడూ అంతే కావాలి. ఈ విషయాన్ని గురించి, నేను చూచినదాన్ని కూడా కలిపి, మీకు కొంత వివరంగా చెప్పాలనుకొన్నాను.

గాలిలో ఏమి తగ్గుతుంది?

"కొండమీద ప్రాణవాయువు తక్కువ" అని అందరూ అంటారు. ఆ మాట కొంతవరకే నిజం. గాలిలో ప్రాణవాయువు పాలు నంబులపూలకుంటలోనైనా, ఎవరెస్టు శిఖరంపైనైనా ఒక్కటే: సుమారు 21 శాతం. మారేది గాలి పీడనం. సముద్రమట్టంలో గాలి పీడనం 760 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. 3,500 మీటర్ల ఎత్తులో అది 500కు కాస్త తక్కువగా ఉంటుంది. అంటే అక్కడ మనం తీసుకొనే ప్రతి ఊపిరిలోను, సముద్రతీరంలో లభించే ప్రాణవాయువులో దాదాపు మూడింట రెండు వంతులే ఊపిరితిత్తులను చేరుతుంది. 5,500 మీటర్ల వద్ద సగమే చేరుతుంది.

ఈ లోటును పూరించుకోవడానికి శరీరం కొన్ని మార్గాలు వెదుకుతుంది. మొదటి గంటలలోనే శ్వాస వేగం, గుండె వేగం పెరుగుతాయి. శ్వాస ఎక్కువ కావడంవలన బొగ్గుపులుసు వాయువు రక్తంనుంచి ఎక్కువగా బయటకుపోయి, రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. ఆ పెరిగిన క్షారాన్ని మూత్రపిండాలు రెండు మూడు రోజులలో మెల్లగా విసర్జిస్తాయి. అందుకే ఎత్తైన చోట మూత్రం ఎక్కువగా రావడం మంచి సూచనే. ఎఱ్ఱ రక్తకణాలు పెరగడానికి మాత్రం వారాలు పడుతుంది. ఈ పనులలో ఏదీ మన తొందరను బట్టి వేగంగా జరగదు.

2014 మే 25న పదమూడేళ్ళ వయసులో ఎవరెస్టు శిఖరాన్ని చేరిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణను గూర్చి మీరు వినే ఉంటారు. ఆమె ఎక్కింది పర్వతాలలో పుట్టినందువలన కాదు. భువనగిరి కొండమీద, తరువాత డార్జిలింగు, లదాఖు పర్వతాలలో శిక్షణ పొంది, వారాల తరబడి ఎత్తుకు శరీరాన్ని అలవాటు చేసుకొని ఎక్కింది. మైదానపు మనిషికి కూడా ఆ శక్తి ఉన్నది. దానికి కావలసిన వ్యవధిని మనం ఇవ్వాలి, అంతే.

మేము వెళ్ళిన దారి

మా బృందంలో ఆరుగురం. ఇద్దరు విశ్రాంత ఉపాధ్యాయులు, బెంగుళూరులో ఉద్యోగం చేసే మా అక్క కొడుకు, అతని మిత్రుడు, మా మండలంలోనే గొర్రెలు మేపుకొనే అరవైయేళ్ళ రైతు ఒకరు, నేను. ప్రయాణానికి మూడు నెలల ముందునుంచి రోజూ ఉదయం ఒక గంట వడిగా నడిచాము. నాలుగుసార్లు హార్స్‌లీ కొండల ఘాటుదారిలో వీపున సంచులతో ఎక్కి దిగాము. హార్స్‌లీ కొండలు 1,200 మీటర్లు దాటిన ఎత్తులో ఉన్నాయి. ఇటువంటి సాధన కాళ్ళకు, గుండెకు బలమిస్తుంది. కాని 3,000 మీటర్ల గాలికి అది శరీరాన్ని సిద్ధం చేయదు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరంలో 1915లో క్షయరోగుల ఆసుపత్రిని నెలకొల్పిన నాటినుంచి మన ప్రాంతంవారికి "కొండగాలి ఆరోగ్యానికి మంచిది" అన్న నమ్మకం బలంగా ఉంది. ఆ మాట మన కొండలకు చెల్లుతుంది. హిమాలయపు ఎత్తులకు అదే మాటను అన్వయించరాదు.

మేము ఎంచుకొన్నది ఉత్తరకాశి జిల్లాలోని దయారా బుగ్యాల్. మే నెలాఖరున డెహ్రాడూన్‌లో ఒక రాత్రి ఉండి, మరునాడు జీపులో ఉత్తరకాశి, భట్వాడీ మీదుగా రైథల్ అనే గ్రామం చేరాము. రైథల్ సుమారు 2,200 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ రెండు రాత్రులు ఉండాలని నేను ముందే షరతు పెట్టాను. "ఊరికే ఒక రోజు దండగ" అని చిన్నవాళ్ళు గొణిగారు. ఆ ఒక రోజు పల్లెలో తిరుగుతూ, పైకి కొంత దూరం నడిచి మరల దిగివచ్చాము. మూడవనాడు సింధూర వృక్షాల అడవిలో ఎక్కి 2,900 మీటర్ల దగ్గర మొదటి మజిలీ చేశాము. నాలుగవనాడు బుగ్యాల్‌లోకి అడుగుపెట్టాము.

చెట్లు హఠాత్తుగా ఆగిపోతాయి. ఎదురుగా మెల్లగా పైకి లేచే పచ్చని నేల. దానికి అవతల ఆకాశానికి ఆనించి నిలిపినట్లు బందర్‌పూంఛ్, శ్రీకంఠ శిఖరాలు. అక్కడక్కడ కరగని మంచు మడుగులు, వాటి అంచున ఊదా, పసుపు రంగుల చిన్న పూలు. ఎవరూ కొంతసేపు మాట్లాడలేదు. మా రైతు మిత్రుడు మాత్రం క్రిందికి వంగి గుప్పెడు గడ్డి పీకి, వాసన చూచి, నమిలి చూచాడు. "సారూ, ఈ మేత జూస్తాంటే నాకు మా జీవాలు గుర్తుకొస్తాండాయి. ఒక్క నెల ఈడ మేపితే సాలు, బొక్కలు బడిన గొర్రెగూడా బలిసిపోతాది," అన్నాడు. అక్కడి పశువుల కాపరికీ ఇతనికీ ఒక్క మాట కూడా కలవదు. అయినా ఇద్దరూ వ్రేళ్ళమీద లెక్కిస్తూ, ఎన్ని జీవాలు, ఎన్ని నెలలు, ఎప్పుడు క్రిందికి తోలుకొనిపోతారు అన్నదంతా పావుగంటలో చెప్పుకొన్నారు. ఆ పచ్చిక వారి జీవనాధారం. భాద్రపద సంక్రాంతినాడు రైథల్ గ్రామస్థులు పైకి వచ్చి పాలు, వెన్న, మజ్జిగలతో ఒకరినొకరు తడుపుకొని పండుగ చేసుకొంటారు. తమ పశువులను కాచిన ప్రకృతికి అది కృతజ్ఞత.

ఇక్కడ మీరు తెలిసికొనవలసిన విషయం మరొకటి ఉంది. పచ్చికను గుడారాలు, చెత్త నాశనం చేస్తున్నాయన్న కారణంతో 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ ఉన్నత న్యాయస్థానం బుగ్యాళ్ళలో రాత్రి బస చేయడాన్ని నిషేధించింది. రోజుకు 200 మందికి మించి సందర్శకులను అనుమతించరాదని కూడా ఆదేశించింది. అందువలన బయలుమధ్యలో కాక, దాని అంచున అడవిలో గుడారాలు వేసుకోవలసి ఉంటుంది. వైద్యుడిగా ఈ ఆదేశం నాకు మరొక విధంగా కూడా నచ్చింది. పగలు పైకి వెళ్ళి, రాత్రి క్రిందికి వచ్చి పడుకోవడమే ఎత్తుకు అలవాటుపడే సరియైన పద్ధతి. మన ఆరోగ్యాన్ని ప్రధానంగా నిర్ణయించేది పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నది కాదు, రాత్రి ఎంత ఎత్తులో నిద్రించామన్నది.

ఆ రాత్రి

నాలుగవనాటి మా శిబిరం సుమారు 3,100 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ పగలు కుర్రవాళ్ళిద్దరూ ఫొటోల కోసమని మాకంటె 400 మీటర్లు పైకి పరుగులాంటి నడకతో వెళ్ళి వచ్చారు. సాయంకాలం మా మేనల్లుడు భోజనం దగ్గర కూర్చొని ముద్ద ముట్టలేదు. నేను అడిగితే, "ఏం లేదు మామా, కొంచెం తలనొప్పి, అంతే. ఎండ తగిలింది," అన్నాడు. ఉదయంనుంచి తలనొప్పికి రెండు మాత్రలు వేసుకొన్న సంగతి అతని మిత్రుడు చెప్పవలసి వచ్చింది. ముప్పై యేళ్ళు కూడా నిండని వయసు. రోజూ వ్యాయామశాలకు వెళ్ళే దేహం. ఇటువంటివారే సాధారణంగా జబ్బును దాచిపెడతారు.

వ్రేలికి ఆక్సీమీటరు పెట్టి చూస్తే మాకందరికీ 89 నుంచి 92 వరకు ఉంటే, అతనికి 83 ఉంది. నేలమీద ఒక గీత గీసి, ఒక పాదం మడమకు మరొక పాదం బొటనవ్రేలు ఆనించుతూ పది అడుగులు నడవమన్నాను. సరిగానే నడిచాడు. శ్వాసకోశాలలో ఏ శబ్దమూ లేదు. అంటే ఇది ప్రస్తుతానికి మామూలు ఎత్తు జబ్బే. "రేపు నీవు పైకి రావు. ఇక్కడే ఉంటావు. రాత్రి ఏమాత్రం ఎక్కువైనా క్రిందికి దిగుతాము" అని చెప్పాను. అతనికి కోపం వచ్చింది. సెలవు పెట్టి, డబ్బు ఖర్చుచేసి ఇంత దూరం వచ్చినది చివరి రోజు శిఖరపు గట్టు ఎక్కడానికే గదా అన్నాడు.

రాత్రి పన్నెండు గంటలకు లేపి చూచాను. రెండుసార్లు వాంతి చేసుకొన్నాడు. తలనొప్పి భరించలేనంతగా ఉంది. గీతమీద నడవమంటే మూడవ అడుగుకే ప్రక్కకు తూలాడు. వేసుకొన్న చొక్కా బొత్తాము తీయడానికి తడుముకొంటున్నాడు. మాటలో కొంచెం మత్తు ఉంది. మెదడులో వాపు మొదలవుతున్నదనడానికి ఇవి గుర్తులు. దారి చూపడానికి వచ్చిన స్థానికుడు, "చీకట్లో దిగడం ప్రమాదం, తెల్లవారిన తరువాత వెళ్దాం" అన్నాడు. అతను చెప్పినదానిలోను న్యాయముంది. అడవి దారి, వేళ్ళు, తడిసిన రాళ్ళు. కాని తెల్లవారడానికి ఐదు గంటలు ఉంది. ఆ ఐదు గంటలలో ఇతను నడవలేని స్థితికి వస్తే, మోసుకొని దిగడం ఆ కొద్దిమందికి సాధ్యమయ్యే పని కాదు. నడిచే శక్తి మిగిలి ఉండగానే దిగాలి.

నా సంచిలో ఉన్న డెక్సామెథసోన్ ఇచ్చి, చిన్న సిలిండరునుంచి ప్రాణవాయువు పెట్టి, బయలుదేరాము. ఇద్దరు స్థానికులు అతని రెండు భుజాలు పట్టుకొన్నారు. మా రైతు మిత్రుడు వద్దన్నా వినక లాంతరు పట్టుకొని ముందు నడిచాడు. ప్రతి అరగంటకు ఆగి నాలుగు గ్రుక్కలు గోరువెచ్చని నీళ్ళు త్రాగించి, పేరు, ఊరు, తేదీ అడిగేవాడిని. మొదటి గంటలో ఒకసారి తేదీ చెప్పలేకపోయాడు. మొదటి మజిలీ దాటి, ఇంకా చాలా దిగువకు వచ్చిన తరువాత, తెల్లవారుతుండగా తనంతట తానే, "మామా, ఆకలవుతాంది," అన్నాడు. ఆ మాట వినేవరకు నా గుండె నెమ్మదించలేదు. రైథల్ చేరేసరికి గీతమీద పది అడుగులు తూలకుండా నడిచాడు. ఆనాడే ఉత్తరకాశికి తీసికొనిపోయి వైద్యులకు చూపించాము. మిగిలినవారు మరునాడు గట్టు ఎక్కి దిగివచ్చారు.

ఎత్తు తెచ్చే మూడు జబ్బులు

నాటి అనుభవాన్ని ప్రక్కన పెట్టి, ఈ జబ్బులను మీరు గుర్తుపట్టే విధంగా చెబుతాను.

మొదటిది ఎత్తు జబ్బు. 2,500 మీటర్లు దాటినవారిలో ఎవరికైనా రావచ్చు. చేరిన 6 నుంచి 12 గంటలలో తలనొప్పి మొదలవుతుంది. దానితోపాటు ఆకలి లేకపోవడం, వికారం, వాంతి, విపరీతమైన అలసట, తల తిరగడం - వీటిలో ఏదో ఒకటి ఉంటుంది. త్రాగి మత్తు దిగిన మరునాటి స్థితికి ఇది దగ్గరగా ఉంటుంది. మరింత పైకి వెళ్ళకుండా అక్కడే విశ్రాంతి తీసుకొంటే చాలామందికి ఒకటి రెండు రోజులలో తగ్గిపోతుంది.

రెండవది మెదడు వాపు. ఎత్తు జబ్బు ఉన్న మనిషి తూలుతున్నా, తికమకగా మాట్లాడుతున్నా, అతిగా మగతగా ఉన్నా అది మెదడు వాపే అని భావించాలి. గంటలలో స్పృహ తప్పి ప్రాణం పోవచ్చు.

మూడవది ఊపిరితిత్తులలో నీరు చేరడం. సాధారణంగా ఎత్తుకు చేరిన రెండవ రాత్రినుంచి నాలుగవ రాత్రిలోపల వస్తుంది. తలనొప్పి లేకుండా కూడా రావచ్చు. ముందు నడకలో ఇతరులకంటె వెనుకబడతారు. తరువాత పొడిదగ్గు, కూర్చొని ఉన్నా ఆయాసం, పెదవులు నీలిబారడం, చివరకు నురుగుతో కూడిన కఫం. ఎత్తువలన కలిగే మరణాలలో ఎక్కువభాగం దీనివలననే. దీనిని చాలాకాలం న్యుమోనియా అని భ్రమపడ్డారు. 1960లో అమెరికా వైద్యుడు చార్లెస్ హ్యూస్టన్ దీనిని గూర్చి వ్రాసిన తరువాత వైద్యలోకం దృష్టి దానిపై పడింది. 1962 చైనా యుద్ధకాలంలో మైదానాలనుంచి త్వరత్వరగా హిమాలయాలకు తరలించిన మన సైనికులు ఎందరో ఈ జబ్బులకు లోనయ్యారు. వారికి చికిత్స చేసిన ఇందర్ సింగ్, ఆయన సహచర వైద్యులు 1,925 మంది సైనికులను పరిశీలించి 1969లో ప్రచురించిన వ్యాసం నేటికీ ఈ శాస్త్రానికి మూలస్తంభాలలో ఒకటి. ఆరోగ్యవంతులైన యువసైనికులనే ఎత్తు పడగొట్టిందంటే, దేహదారుఢ్యం దీనికి రక్ష కాదని మీరు గ్రహించవచ్చు.

మూడింటికీ మూల చికిత్స ఒక్కటే: క్రిందికి దిగడం. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామందిలో మార్పు కనిపిస్తుంది. ప్రాణవాయువు, మందులు దిగడానికి సహాయం చేసేవే గాని, దిగడానికి బదులు కావు.

నివారణ

1. 3,000 మీటర్లు దాటిన తరువాత, నిద్రించే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకండి. మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఎక్కడం ఆపండి.

2. తలనొప్పి ఉన్న రోజు పైకి వెళ్ళకండి. వేరే కారణం రుజువయ్యేవరకు, ఎత్తైన చోట వచ్చిన తలనొప్పిని ఎత్తు జబ్బుగానే లెక్కించండి. మాత్ర వేసుకొంటే ఆ సంగతి తోటివారికి చెప్పండి.

3. ఎసిటజోలమైడ్ అనే మందు మూత్రపిండాలు క్షారాన్ని విసర్జించే పనిని త్వరపరచి, ఎత్తుకు అలవాటుపడడానికి తోడ్పడుతుంది. పెద్దలకు సాధారణంగా 125 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజునుంచి ఇస్తాము. వ్రేళ్ళలో తిమ్మిరి, మూత్రం ఎక్కువ కావడం దీని సామాన్య ప్రభావాలు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు వైద్యుని అడుగకుండా వాడరాదు. డెక్సామెథసోన్, నిఫెడిపిన్ వంటివి ఆపత్కాలపు మందులు. వాటిని ముందుగా వైద్యునితో మాట్లాడి, ఎప్పుడు వాడాలో వ్రాయించుకొని మాత్రమే వెంట తీసుకొనివెళ్ళండి.

4. మద్యం, నిద్రమాత్రలు ముట్టకండి. అవి నిద్రలో శ్వాసను మందగింపజేస్తాయి. ఎత్తైన చోట నిద్రలో కొన్ని సెకన్లు శ్వాస ఆగి, తరువాత పెద్ద పెద్ద ఊపిరులు తీసుకోవడం సహజమే. ప్రక్కన పడుకొన్నవారు దానిని చూచి భయపడనక్కరలేదు.

5. దాహం వేయకపోయినా నీళ్ళు త్రాగండి. ఊటనీటిని మరిగించి త్రాగండి. ఆ ఎత్తులో నీళ్ళు సుమారు 89 డిగ్రీలకే మరుగుతాయి. అయినా రోగక్రిములు చావడానికి ఆ వేడి చాలు. అన్నం, పప్పు మాత్రం కుక్కరు లేకుండా సరిగా ఉడకవు. మేము తీసుకొనివెళ్ళిన రాగిపిండి, బొరుగులు, ఊరిబిండి ఆకలి మందగించిన పూట కూడా లోపలికి పోయాయి. తెలిసిన రుచి అక్కడ మందులా పనిచేస్తుంది.

చలిని తక్కువగా అంచనా వేయకండి

ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మే నెలలో మా ఊళ్ళో 40 డిగ్రీల ఎండకు అలవాటుపడినవాడు అక్కడ రాత్రి సున్నాకు దగ్గరగా ఉన్న చలిలో నిద్రిస్తాడు. వానకు తడిసి, దానిపై గాలి వీస్తే ఆ చలి ఎన్నో రెట్లు ప్రమాదకరమవుతుంది.

2024 జూన్ తొలి వారంలో ఇదే ఉత్తరకాశి జిల్లాలోని సహస్రతాల్ దారిలో, ఎక్కువమంది బెంగుళూరువారే ఉన్న 22 మంది బృందం మంచుతుపానులో చిక్కుకొంది. తొమ్మిదిమంది చలికి ప్రాణాలు కోల్పోయారు. హిందూపురంలో ఆ వార్త చదివినవారిలో బెంగుళూరులో బిడ్డలు లేనివారు ఎందరుంటారు? అనుభవం కూడా అన్నివేళలా కాపాడదు. 2006లో 172 రోజులలో ఏడు ఖండాల శిఖరాలను ఎక్కిన నెల్లూరు జిల్లా పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు 2015లో ఆండీస్ పర్వతాలలో మరణించారు. మబ్బు పట్టినప్పుడు, గాలి లేచినప్పుడు వెనుదిరగడంలో చిన్నతనమేమీ లేదు.

తడిసిన నూలుబట్ట శరీరంలోని వేడిని పీల్చేస్తుంది. ఉన్ని తడిసినా కొంత వేడిని నిలుపుతుంది. మా రైతు మిత్రుడు తన వెంట తెచ్చుకొన్న నల్ల కంబళిని చూచి కుర్రవాళ్ళు మొదట నవ్వారు. మన ప్రాంతపు కురుబలు నేసే గొర్రెబొచ్చు కంబళి అది. ఆ రాత్రి దిగేటప్పుడు మా మేనల్లుడి భుజాలపై ఉన్నది ఆ కంబళే. మీరు లోపల చెమట పీల్చే పలుచని దుస్తు, నడుమ ఉన్ని, పైన వాన, గాలి చొరని కోటు - ఈ వరుసలో ధరించండి. వణకడం, మాట తడబడడం, వ్రేళ్ళు పట్టు తప్పడం చలిదెబ్బకు తొలి గుర్తులు. వణకు తగ్గకముందే తడిబట్టలు విప్పి, పొడిబట్టలు తొడిగి, తీపి కలిపిన వేడి పానీయం ఇవ్వండి.

ఒక ముఖ్యమైన హెచ్చరిక. చలికని గుడారం లోపల బొగ్గుల కుంపటిగాని, గ్యాసు పొయ్యిగాని వెలిగించకండి. దాని నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

చల్లగా ఉన్నదని ఎండను కూడా మరువకండి. ప్రతి 1,000 మీటర్లకు అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి. మంచు వాటిని తిరిగి కళ్ళలోకి కొడుతుంది. నల్ల కళ్ళద్దాలు, టోపీ తప్పనిసరి.

ముందుగా వైద్యుని అడుగవలసినవారు

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు, దీర్ఘకాలపు శ్వాసకోశ వ్యాధి ఉన్నవారు, తీవ్రమైన రక్తహీనత ఉన్నవారు, గర్భిణులు, ఇంతకుముందు ఒకసారి ఎత్తు జబ్బు తీవ్రంగా వచ్చినవారు వైద్యుని సంప్రదించకుండా ఇటువంటి ప్రయాణాలు తలపెట్టరాదు. రక్తపోటు మొదటి రోజులలో కొంత పెరుగుతుంది. అందుచేత మాత్రలు ఒక్కపూట కూడా మానకండి. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్ గడ్డకట్టకుండా లోపలి జేబులో, శరీరానికి ఆనించి ఉంచుకోవాలి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. చలికి చక్కెర కొలిచే పరికరం తప్పుడు లెక్క చూపవచ్చు గనుక దానిని కూడా వెచ్చగా ఉంచండి. రోజంతా ఎక్కడంవలన చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. జేబులో బెల్లమో, చక్కెరో ఉండాలి.

ఇదంతా గుడారాలు వేసుకొనే కుర్రవాళ్ళకే గదా అనుకోకండి. కేదారనాథ్ 3,583 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే మేము నిద్రించిన శిబిరంకంటె ఎక్కువ ఎత్తు. మన ఊళ్ళనుంచి ఏటా చార్‌ధామ్ యాత్రకు వెళ్ళే పెద్దలలో అరవై దాటినవారే ఎక్కువ. వారిలో కొందరు లోయలో హెలికాప్టరు ఎక్కి నిమిషాలలో ఆ ఎత్తుకు చేరుతారు. అమరనాథ్, ముక్తినాథ్, మానససరోవర యాత్రలు ఇంకా ఎత్తైనవి. దైవదర్శనంపై ఉన్న ఆత్రంలో తలనొప్పిని, ఆయాసాన్ని లెక్కచేయనివారిని నా వృత్తి జీవితంలో చాలామందిని చూచాను. మీ తల్లిదండ్రులను పంపేటప్పుడు ఒక రోజు ఎక్కువ బస ఏర్పాటు చేయండి. అది వారికి మీరు ఇవ్వగల మంచి మందు.

మీరు బయలుదేరేముందు ఒక కాగితంమీద మీకున్న జబ్బులు, వాడే మందులు, పడని మందులు, ఇంటివారి ఫోను నంబరు వ్రాసి జేబులో పెట్టుకోండి. తోటివారిలో ఒకరికి చూపించండి. బృందంలో ఎవరికైనా తూలుడు వస్తే, విశ్రాంతిలో ఆయాసం వస్తే, అప్పుడు వాదన లేకుండా అందరూ దిగాలన్న నియమాన్ని ఇంట్లో ఉండగానే ఏర్పరచుకోండి. పైన చలిలో, నిస్సత్తువలో, ఖర్చుచేసిన డబ్బు కళ్ళముందు కనబడుతున్నప్పుడు అటువంటి నిర్ణయం తీసుకోవడం చాలా కష్టం. మా మేనల్లుడు ఇప్పుడు తన మిత్రులను కొండలకు పంపేటప్పుడు మడమ-బొటనవ్రేలి నడక నేర్పి పంపుతున్నాడు. మీరు కూడా నేర్చుకోండి. దానికి ఏ పరికరమూ అక్కరలేదు.